నీడ పడే పెరట్లో తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు ఏ మొక్క వెయ్యాలి?

మేడ మీద రోజంతా ఎండ పడేవాళ్ళకు సలహాలకు కొదవలేదు. బంతి, తులసి, పొద్దుతిరుగుడు, ఏది వేసినా తేనెటీగలు వాలతాయి. కాంపౌండ్ గోడకూ ఇంటికీ మధ్య నాలుగడుగుల సందో, మామిడిచెట్టు కింద కాస్త ఖాళీయో, రెండో అంతస్తు బాల్కనీయో మాత్రమే ఉన్నవాళ్ళకే చిక్కంతా. నర్సరీకి వెళ్ళి నీడలో పెరిగేవి కావాలంటే ఆగ్లోనిమా, సింగోనియం, స్పాతిఫిల్లం చేతిలో పెడతారు. ఇంటికి అందమే, కాదనను. మన తేనెటీగలకు మాత్రం వాటితో పెద్దగా పనిలేదు.

అలాంటి చోటికి సరిపోయే మొక్కలు మనకు లేక కాదు. కనకాంబరం, డిసెంబరాలు, ముళ్ళగోరింట, చిత్రమూలం, అడ్డసరం, చెంగల్వ కోష్టు: ఈ ఆరూ మన నేలవే. ఒకసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి, కొంత నీడ ఉన్నా పూస్తాయి. వీటిలో మీకు ఏది నప్పుతుందన్నది మొక్క కన్నా మీ నీడను బట్టే ఎక్కువ తేలుతుంది. అందుకే ముందు నీడ సంగతి.

## మీ నీడ ఏ రకం?

ఒక ఆదివారం పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, మధ్యాహ్నం రెండుకి, నాలుగుకి అదే చోట నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి. ఎండ నేల మీద ఎంతసేపు పడుతోందో తేలిపోతుంది. నేరుగా ఎండ పడకపోయినా పైన ఆకాశం కనిపిస్తోందా లేదా అన్నది కూడా చూడండి. ఆకాశం కనిపించే నీడ వేరు, పైన స్లాబు ఉన్న నీడ వేరు. స్లాబు కింద, మెట్ల కింద, పగలు కూడా లైటు వేసుకోవాల్సిన మూలల్లో ఈ ఆరింటిలో ఏదీ సరిగా పూయదు. అక్కడ ఆకుల మొక్కలే పెట్టుకోండి, డబ్బు దండగ చేసుకోవద్దు.

తూర్పు నీడ. పొద్దున రెండు మూడు గంటల ఎండ, తర్వాత నీడ. ఇది దొరికినవాళ్ళు అదృష్టవంతులు. ఆరూ పెరుగుతాయి.

పడమర నీడ. పొద్దంతా నీడ, సాయంత్రం మొహాన కొట్టే ఎండ. మే నెలలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల వేడిలో గోడ కూడా కాలిపోతుంటుంది. లేత ఆకుల మొక్కలు మాడిపోతాయి. ముళ్ళగోరింట, అడ్డసరం తట్టుకుంటాయి.

చెట్టు నీడ. ఆకుల సందుల్లోంచి చెదురుమదురు ఎండ. వెలుతురు బాగానే ఉంటుంది గానీ మామిడి వేళ్ళు, వేప వేళ్ళు నీళ్ళన్నీ లాగేస్తాయి. చెట్టు మొదలుకు దూరంగా, కొమ్మల అంచు కింద నాటడం మేలు.

ఉత్తరం సందు, దక్షిణం సందు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. మనవైపు సూర్యుడు ఏడాదంతా దక్షిణంగానే ఉండడు. హైదరాబాద్‌లో సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు. అంటే ఇంటికి ఉత్తరాన ఉన్న సందులో ఎండాకాలం చివర, వానల మొదట్లో కొంత ఎండ పడుతుంది, చలికాలంలో అసలు పడదు. దక్షిణం సందులో దీనికి తిరగబడి ఉంటుంది: ఎదురుగా ఎత్తైన బిల్డింగు లేకపోతే డిసెంబర్‌లో చక్కటి ఎండ, జూన్‌లో నీడ. చలికాలంలో పూసే మొక్కను ఉత్తరం సందులో పెట్టి, పూయలేదని ఎరువు మీద ఎరువు వేసేవాళ్ళున్నారు. దానికి కావలసింది ఎరువు కాదు, చోటు మార్చడం.

## ఇంకా ఏం చూసుకోవాలి

ఎవరు రావాలని మీ కోరిక? పూవు ఆకారాన్ని బట్టే అతిథి. సన్నటి పొడవు గొట్టం ఉన్న పూవులో తేనె అందాలంటే సీతాకోకచిలుకకున్నంత తొండం కావాలి. గట్టి పెదవులున్న పూవును తెరవాలంటే గండు తుమ్మెదకున్నంత బలం కావాలి. పైగా సీతాకోకచిలుకకు తేనె ఒక్కటే చాలదు. గుడ్లు పెట్టడానికి, గొంగళిపురుగు తినడానికి ఆకో మొగ్గో కావాలి. ఆకుకు చిల్లు పడితే టెన్షన్ పడి మందు కొట్టేవాళ్ళు తేనె కోసం వేసుకునే మొక్కలతో ఆగిపోవడమే మంచిది.

పూలు కోస్తారా లేదా అన్నది రెండో ప్రశ్న. మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. పూజకు, జడకు, పక్కింటివాళ్ళకు పోను చెట్టు మీద ఏం మిగులుతుందో ముందే లెక్క వేసుకోండి.

స్థలం, ముళ్ళు, విషం ఎలాగూ చూస్తారు. ఆ వివరాలు పట్టికలో ఉన్నాయి.

| మొక్క | ఎత్తు | పూత | తట్టుకునే నీడ | ఎక్కువగా వచ్చేవి | ముందే తెలియాల్సింది |
|---|---|---|---|---|---|
| కనకాంబరం | 2–3 అడుగులు | నీళ్ళుంటే దాదాపు ఏడాదంతా | సగం నీడ | సీతాకోకచిలుకలు | వేళ్ళకు నులిపురుగులు |
| డిసెంబరాలు | 3–5 అడుగులు | అక్టోబర్–జనవరి | సగం నీడ, చలికాలం ఎండ | తేనెటీగలు, తుమ్మెదలు | ఏటా కత్తిరించాలి |
| ముళ్ళగోరింట | 3–5 అడుగులు | వానలు వెనకబట్టాక, చలికాలం | కొద్ది నీడ | తేనెపిట్టలు, తేనెటీగలు | పదునైన ముళ్ళు |
| చిత్రమూలం | 3–4 అడుగులు, వాలుతూ | ఏడాదిలో చాలాకాలం | చాలా నీడ | చిన్న సీతాకోకచిలుకలు, వాటి పిల్లలు | వేరు విషం |
| అడ్డసరం | 6–8 అడుగులు, వదిలేస్తే ఇంకా | చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా | సగం నీడ | గండు తుమ్మెదలు | కుండీకి పెద్దది |
| చెంగల్వ కోష్టు | 4–7 అడుగులు | జూలై–అక్టోబర్ | చాలా నీడ, తడి నేల | తుమ్మెదలు | చలికాలంలో పైభాగం ఎండిపోతుంది |

## కనకాంబరం

దక్షిణ భారతం, శ్రీలంక దీని సొంత ఊళ్ళు. మనకు దండల్లో చూసి చూసి ఇది తోటపంట అనే ముద్ర పడిపోయింది గానీ, పుట్టుకతో ఇది చెట్ల నీడన పెరిగే మొక్క. మే నెల మధ్యాహ్నపు ఎండ తప్పిస్తే ఇంకా నిగనిగలాడుతుంది. కుండీలో ఇమిడిపోతుంది, బాల్కనీకి ఇంతకు మించింది లేదు.

పూవును దగ్గర నుంచి చూడండి. మొదలంతా సన్నటి గొట్టం, చివర విసనకర్రలా ఒకవైపే విచ్చుకున్న రేకు. తేనె ఆ గొట్టం అడుగున ఉంటుంది. చిన్న తేనెటీగకు అంతదూరం అందదు. సీతాకోకచిలుక రేకు మీద వాలి, చుట్టలా మడుచుకున్న తొండం విప్పి లోపలికి దించుతుంది. కాబట్టి తేనెటీగల కోసమే అయితే కనకాంబరం మీ మొక్క కాదు.

రకాల్లో ఒక తేడా ఉంది. నర్సరీల్లో ఢిల్లీ కనకాంబరం పేరుతో అమ్మేది విత్తనం కట్టదు, కొమ్మ నాటి పెంచాల్సిందే. మామూలు నారింజ రంగుదీ, పసుపుదీ విత్తనాలు వేస్తాయి. ఎండిన కంకికి తడి తగిలితే కాయలు టప్పుమని పగిలి విత్తనాలు దూరంగా పడతాయి. వాన తర్వాత పక్క కుండీల్లో కూడా నారు మొలుస్తుంది. ఒక్క మొక్కతో మొదలుపెట్టి గుంపు చేసుకోవాలనుకునేవాళ్ళు విత్తనం కట్టే రకమే అడిగి తీసుకోండి.

దీని శత్రువు మట్టిలో ఉండే నులిపురుగు (నెమటోడ్). ఆకులు చిన్నవై, పాలిపోయి, నీళ్ళు పోసినా మొక్క ఎదగకపోతే అనుమానించాలి. పీకి చూస్తే వేళ్ళు నల్లబడో, బుడిపెలు కట్టో ఉంటాయి. ఆ మట్టిలో మళ్ళీ కనకాంబరం వేయకండి. కొత్త మట్టిలో వేపపిండి కలిపి నాటడం ముందుజాగ్రత్త.

ఇక జడ సంగతి. రోజూ కంకులన్నీ దులిపేసుకుంటే సీతాకోకచిలుకలకు మిగిలేది ఆకులే. నా మాట అడిగితే కనీసం నాలుగు మొక్కలు వేసి, రెండు కోతకు, రెండు వాటికి అని ఇంట్లో గట్టిగా చెప్పేయండి. మా అత్తయ్యకు చెప్పినట్టు చెబితే సరిపోతుంది: "అవి పురుగు పట్టినవి అత్తయ్యా, దేవుడికి పనికిరావు."

## చిత్రమూలం

ఆరింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, అందంలో మాత్రం ఆఖరిది. సన్నని తెల్లపూలు, అక్కడక్కడా వాలే కొమ్మలు. పల్లెల్లో కంచెల పక్కన, చెట్ల కింద దానంతట అది పెరుగుతుంది. నీళ్ళు మరిచిపోయినా బతుకుతుంది, గోడ నీడలోనూ పూస్తుంది.

దీని విలువ తేనెలో కన్నా మొగ్గల్లో ఉంది. జీబ్రా బ్లూ అని ఒక చిన్న సీతాకోకచిలుక ఉంది. రెక్క మడిస్తే అడుగున గోధుమరంగు, తెలుపు చారలు, తోక దగ్గర రెండు నల్లటి కంటి చుక్కలు. అది చిత్రమూలం మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు మొగ్గలను, పూలను తింటూ పెరుగుతుంది. పూరేకుల రంగులోకి కలిసిపోయి ఉంటుంది కాబట్టి ముందు పురుగు కనపడదు. ఒక కంకి చుట్టూ చీమలు పదేపదే తిరుగుతుంటే అక్కడ వెతకండి. పురుగు ఒంటి నుంచి వచ్చే తియ్యటి ద్రవం కోసం అవి కాపలా కాస్తుంటాయి. చీమలున్నాయని పొడి చల్లితే మొత్తం పోతుంది.

పూవు అడుగున ఉండే పచ్చటి భాగం నిండా జిగురు నూగు ఉంటుంది. కాయలు చీర అంచుకు, కుక్క బొచ్చుకు అంటుకుని ఊరంతా తిరుగుతాయి. నడిచే దారి పక్కన నాటకండి, రోజూ బట్టలకు ఏరుకోవాల్సి వస్తుంది.

అసలు జాగ్రత్త వేరు గురించి. అందులోని ప్లంబాజిన్ అనే రసాయనం చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. గర్భిణులు ఏ రూపంలోనూ లోపలికి తీసుకోకూడదు. నాటుమందుల పుస్తకం చూసి సొంత వైద్యం చేసే అలవాటున్న ఇంట్లో ఈ మొక్క లేకపోవడమే మంచిది. మిగతావాళ్ళు చోటు మార్చేటప్పుడు గ్లౌజులు వేసుకుంటే చాలు. మట్టి తవ్వి ఆడుకునే వయసు పిల్లలుంటే కొన్నేళ్ళు ఆగండి.

నర్సరీలో ప్లంబాగో (చిత్రమూలం ఇంగ్లిష్ పేరు) అంటే చాలావరకు లేతనీలం పూల మొక్క ఇస్తారు. అది దక్షిణాఫ్రికాది, దానికి ఎండ కావాలి. జీబ్రా బ్లూ దాని మీద కూడా గుడ్లు పెడుతుంది కాబట్టి ఎండ ఉన్నవాళ్ళకు పరవాలేదు. నీడకు తెల్లదే.

## డిసెంబరాలు, ముళ్ళగోరింట

ఇవి అన్నదమ్ముల లాంటివి, రెండూ బార్లేరియా అనే ఒకే ప్రజాతివి. డిసెంబరాలకు ముళ్ళు ఉండవు. ఊదా, తెలుపు, గులాబీ, చారలవి కూడా దొరుకుతాయి. సంక్రాంతి ముందు రెండు మూడు నెలలు మొక్క నిండా పూవే. చలికాలంలో తేనెటీగలకు పెద్ద విందు ఇది. పూవు నోరు వెడల్పు కాబట్టి కనకాంబరం దగ్గర వెనుదిరిగే తేనెటీగకూ ఇక్కడ పని దొరుకుతుంది. అడ్డసరం, కనకాంబరం, ఇవీ అన్నీ ఒకే కుటుంబానివి. లెమన్ పాన్సీ, చాక్లెట్ పాన్సీ లాంటి సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఈ కుటుంబపు మొక్కల ఆకులే తింటాయి, కాబట్టి ఆకులకు చిల్లులు కనపడితే సంతోషించండి.

కష్టం ఏమీ లేదు. వానల్లో చిటికెన వేలంత కొమ్మ గుచ్చితే చిగురిస్తుంది. పూత అయిపోగానే, జనవరి చివరనో ఫిబ్రవరిలోనో, మోకాలెత్తుకు కత్తిరించేయండి. లేకపోతే మరుసటి ఏడు కింద అంతా కట్టె, పైన నాలుగు పూలు. దక్షిణం సందుకు దీన్ని మించిన మొక్క నాకు తెలియదు: పూసే నెలల్లో ఎండ, మండే నెలల్లో నీడ.

ముళ్ళగోరింట పసుపుపూలది. తేనెపిట్టలు వస్తాయి. ఎండ, కరువు, మేకలు అన్నీ తట్టుకుంటుంది. కంచెగా బాగుంటుంది, చిన్నపిల్లలు తిరిగే సందుకు వద్దు. ఎక్కువ నీడలో కొమ్మలు సాగిపోయి పూత తగ్గుతుంది.

## అడ్డసరం

ఇల్లు కట్టగా మిగిలిన గజాలు కొన్ని ఉన్నవాళ్ళకే. వదిలేస్తే మనిషిని మించి పెరుగుతుంది, కత్తిరిస్తే గుబురు గోడ అవుతుంది. మేకలు ముట్టవు. రోడ్డు పక్క పొలం, ఫామ్‌హౌస్ కంచె, అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్ అంచు దీనికి సరైన చోట్లు.

పూవు తెల్లగా రెండు పెదవులతో ఉంటుంది, కింది పెదవి మీద ఊదా గీతలు. గండు తుమ్మెద ఆ కింది పెదవి మీద వాలి తల లోపలికి తోస్తుంది. అప్పుడు పై పెదవి కింద దాగిన కేసరాలు దాని వీపుకు రాసుకుంటాయి. నల్లటి వీపు మీద తెల్లటి పొడి అంటుకుని మరో పూవుకు వెళ్ళడం కాసేపు నిలబడితే కంటికే కనిపిస్తుంది. చలి తగ్గి ఎండలు ముదిరే దాకా మిగతా పూలు తగ్గుముఖం పట్టే సమయంలో ఇది పూస్తుంది, అదే దీని ప్రత్యేకత. తుమ్మెదలంటే భయపడేవాళ్ళు ఇంట్లో ఉంటే కిటికీకి దూరంగా నాటండి. అవి వాటి పని తప్ప మన జోలికి రావు, కానీ ఆ చప్పుడుకే కొందరు హడలిపోతారు.

## చెంగల్వ కోష్టు

తడిగా ఉండే నీడకు ఇది. ఏసీ నీళ్ళు కారే చోటు, చేదబావి దగ్గర, వాషింగ్ ఏరియా వెనక సబ్బునీళ్ళు కాని తడి ఉండే మూల. నేలలోని కొమ్ము (దుంప) నుంచి మెలి తిరిగిన కాడలు లేస్తాయి, కాడ చివర ఎర్రటి పొలుసుల ముద్దలోంచి రోజుకు ఒకటి రెండు పెద్ద తెల్లపూలు విచ్చుకుంటాయి. ముడతల కాగితంలా ఉండే ఆ పూవులోకి తుమ్మెద పూర్తిగా దూరిపోతుంది.

చలికాలంలో కాడలు ఎండిపోతే చచ్చిపోయిందని పీకేయకండి. కొమ్ము నేలలో నిద్రపోతుంటుంది, ఎండాకాలం చివరి జల్లులకు మళ్ళీ లేస్తుంది. ఉత్తరం సందులో చలికాలమంతా ఎండ లేకపోయినా దీనికి బెంగ లేదు, ఆ నెలల్లో దానికి ఎండతో పనే లేదు.

నర్సరీలో ఇన్సులిన్ మొక్క పేరుతో నారింజ పూల కోష్టు అమ్ముతారు. అది బ్రెజిల్ నుంచి వచ్చింది. పూవు తెల్లనిదా అని అడిగి తీసుకోండి.

## ఎవరికి ఏది

అద్దె ఇల్లు, బాల్కనీ, మూడు కుండీలు: కనకాంబరం రెండు, డిసెంబరం ఒకటి. ఇల్లు మారినప్పుడు ఎత్తుకుపోవచ్చు.

సీతాకోకచిలుక పుట్టడం పిల్లలకు చూపించాలి, వాళ్ళు కాస్త పెద్దవాళ్ళే: చిత్రమూలం. గుడ్డు నుంచి రెక్కల దాకా అన్నీ ఒక్క మొక్క మీదే.

పెరట్లో తేనెటీగల పెట్టె ఉంది, లేదా కాయగూరలు కూడా పండిస్తారు: డిసెంబరాలు, చోటుంటే అడ్డసరం. కనకాంబరం మీద ఖర్చు పెట్టకండి.

నీళ్ళు పోసే తీరిక లేదు, వారాంతం మాత్రమే వెళ్ళే ఇల్లు: ముళ్ళగోరింట, చిత్రమూలం.

నాలుగైదు మొక్కలకు చోటుంది: వానలకు చెంగల్వ కోష్టు, చలికి డిసెంబరాలు, ఎండలు ముదిరేదాకా అడ్డసరం, మధ్యలో ఖాళీలకు కనకాంబరం. ఏప్రిల్, మే నెలలే కష్టం. అప్పుడు కనకాంబరానికి నీళ్ళు తప్పకుండా పోస్తే పూత ఆగదు.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో కుండీల్లో కనకాంబరం పెంచుకునే మనవాళ్ళకు ఒక మాట. జడ కోసమైతే హాయిగా పెంచుకోండి, మంచు పడేటప్పుడు ఇంట్లోకి తెచ్చుకోండి. అక్కడి తేనెటీగలు, సీతాకోకచిలుకల కోసమే అయితే అక్కడి నేల మొక్కలే వేయాలి: న్యూజెర్సీ నీడకు బ్లూ వుడ్ ఆస్టర్, టెక్సస్ నీడకు టర్క్స్ క్యాప్ లాంటివి.

## వద్దనే మొక్కలు

నీడకు నేల కప్పేందుకని వెడీలియా వేయిస్తారు. పసుపుపూలు, సీతాకోకచిలుకలు కూడా వస్తాయి. కానీ అది అమెరికా ఖండపు మొక్క, ఒకసారి నేల పట్టిందంటే పక్కన ఏదీ బతకనివ్వదు. లాంటానా మన అడవులను ఎలా కమ్మేసిందో తెలిసినవాళ్ళు పెరట్లో వేయరు. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చినది, హాని పెద్దగా లేదు గానీ నీడలో దాని పూత పలచబడుతుంది.

## నాటేటప్పుడు

జూన్, జూలైలో నాటండి, చలికాలానికి వేళ్ళూనుకుంటాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపితే కుండీకి సరిపోతుంది. నీడలో మట్టి త్వరగా ఆరదు కాబట్టి, చెంగల్వ కోష్టుకు తప్ప, వేలు గుచ్చి చూసి పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. ఒకే రకం మూడు నాలుగు మొక్కలు గుంపుగా ఉంటే ఎగిరే తేనెటీగకు దూరం నుంచే కనపడతాయి. తలా ఒకటి చొప్పున చెల్లాచెదురుగా పెట్టడం కన్నా అది మేలు.

కడియం నర్సరీల నుంచి వచ్చినా, మీ వీధి చివర నర్సరీ నుంచి వచ్చినా, మొక్కకు అప్పటికే ఏదో మందు కొట్టి ఉండొచ్చు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలోకి, అక్కడి నుంచి పూవు తేనెలోకి కూడా చేరతాయి. కొనేటప్పుడు అడగండి. సరైన జవాబు రాకపోతే ఉన్న పూలు, మొగ్గలు తుంచేసి, కొత్త చిగుర్లు బాగా వచ్చి మళ్ళీ పూత పట్టేదాకా పూలు ఉంచకండి. చిత్రమూలం, అడ్డసరం నర్సరీల్లో దొరకకపోతే వెతకడం మానేసి ఊళ్ళో ఎవరి కంచెలోనో ఉన్న కొమ్మ అడిగి తెచ్చుకోండి. వానాకాలంలో రెండూ కొమ్మతోనే వస్తాయి, మందు భయమూ ఉండదు.